చెవి మీద సుద్దముక్క

కళ్యాణదుర్గంలో, పాత బస్టాండు వెనక,
హుసేన్ పీరా మేస్త్రీ మోటారు వైండింగు షాపు.
మార్చి దాటితే చాలు
బోర్లలో నీళ్ళు అడుగంటి,
కాలిన మోటార్లు బస్సు టాపుల మీద
ఆస్పత్రికి వచ్చినట్టు వచ్చేవి.
మాడిన వార్నిషు వాసన
మా సద్దిమూటల్లో కూడా ఉండేది.

నేను అప్పటికే రెండేళ్ళ పాతవాణ్ణి.
రెండేళ్ళంటే, స్లాట్లలో కాగితం పెట్టడం వచ్చు,
రాగితీగ గేజి వేళ్ళతో పట్టి చెప్పడం వచ్చు,
రానిదాని పక్కన వచ్చినట్టు నిలబడటం
అన్నిటికంటే బాగా వచ్చు.

ఎర్రిస్వామి చేరి తొమ్మిది రోజులు.
మేస్త్రీ చేతిమిషను తిప్పుతున్నాడు,
పెదాల మీద అంకెలు కదులుతున్నాయి,
యాభై ఏడు, యాభై ఎనిమిది,
అప్పుడడిగాడు వాడు:
"మేస్త్రీ, మా ఇంటికి రెండు తీగలుండాయి.
ఒగదాంట్లో వచ్చిన కరెంటు
ఇంగొగదాంట్లో వాపసు పోతాది గదా.
తిరిగిచ్చేసినదానికి బిల్లు యాల కడతాండాము?"

బల్ల మీద కూర్చున్న ముత్యాలప్ప నవ్వాడు.
టీ గ్లాసులు తెచ్చిన పిల్లోడు నవ్వాడు.
"పేరుకు తగ్గ ప్రశ్న" అని
అందరికంటే గట్టిగా నేను నవ్వాను.
ఆ నవ్వు కొలత నాకే తెలుసు:
సరిగ్గా నాకు తెలియనిదంత.

మేస్త్రీ నవ్వలేదు.
మిషను ఆగింది.
ఎంతవరకు వచ్చాడో మరిచిపోయాడు.
చుట్టినదంతా విప్పుకుంటూ
"ముప్పై ఏండ్లు చుడతాండా" అన్నాడు,
"మా ఉస్తాదు చేతిలో కొయ్యసుత్తి ఉండేది.
ఇట్లాటిది అడిగితే మెటికల మీద పడేది.
అందుకే నేను అడగల్యా.
అడగల్యా కాబట్టి తెలీదప్పా."

ఆ నోట "తెలీదు" అన్న మాట
షాపులో అంతకుముందు ఎవరూ వినలేదు.
వీధిలో ఐసు బండి గంట వినబడేంత నిశ్శబ్దం.

ముత్యాలప్ప టీ పక్కన పెట్టి
కాలిన తన మోటారునే చూస్తూ కూర్చున్నాడు.
చాలాసేపటికి, ఎవరితోనో కానట్టు:
"మా నాయన కపిల తోలేటప్పుడు
మోకు బాయిలోకి పోయేది, పైకొచ్చేది.
పొద్దుగూకినా మోకు మోకే,
జానెడు కూడా తరిగేది కాదు.
ఎద్దులకు మాత్రం గడ్డి ఎయ్యల్ల.
కరెంటోళ్ళు అడిగేది మోకు బాడుగ కాదేమో,
గడ్డి దుడ్లేమో."

ఎర్రిస్వామి తలూపాడు. తృప్తిగా కాదు.
"అట్లయితే మూడు ఫేజుల మోటారుకు
మూడు తీగలూ వచ్చేటివే గదా.
వాపసు పోయే మోకు యాడుండాది?"

ఆ పూట ఇక ఏ మోటారూ చుట్టలేదు.

మర్నాటి నుంచి మేస్త్రీ చెవి మీద
బీడీ ఉండే చోట సుద్దముక్క.
ఎవరైనా నోరు తెరిస్తే
గోడ మీద అంకె వేసి, మిషను వదిలి
"ఊఁ, అడుగు" అనేవాడు.
ముప్పై ఒకటి, తొంభై, పదహారు,
గోడంతా ఆగిన చోట్లు.
కొట్టేసినవి కొన్ని, కొట్టేయనివి కొన్ని.

ఆ గోడ మీద నా వల్ల పడ్డ అంకె
ఒక్కటీ లేదు.
ఫేజు అంటే ఏందని నేను అడగలేదు.
రోజుకు నలభైసార్లు ఆ మాట అంటూనే అడగలేదు.
పెళ్ళయి ఇద్దరు పిల్లలయ్యాక
పాత పుస్తకాల కొట్లో ఐటీఐ పుస్తకం కొని
రాత్రి తలుపేసుకుని చదివాను, దొంగలా.
మూడు తీగలూ వంతులేసుకుని
ఒకదానికొకటి వాపసు మోకులవుతాయని
ముప్పై నాలుగో ఏట తెలిసింది.
సంతోషంతో లేచాను.
చెప్పుకోడానికి ఎవరూ లేరు.
చెబితే, ఇన్నాళ్ళూ తెలీదా అంటారు.

ఇప్పుడు రాయదుర్గంలో నా షాపు.
మొన్న చేరిన ఓబుళేసు
కాలిన కాయిలు చేత పట్టుకుని
అడగనా వద్దా అన్నట్టు
ఒంటికాలి మీద నిలబడ్డాడు.

నూట పద్నాలుగు.
గోడ మీద రాశాను.